దద్దుర్లొస్తే నింద వంకాయ మీదకే

గుంటూరు కొత్తపేటలో కానీ, విజయవాడ సూర్యారావుపేటలో కానీ పిల్లల డాక్టరు గది బయట కాసేపు కూర్చుంటే ఈ మాట చెవిన పడుతుంది: "నిన్న వాడికి ఏం పెట్టావమ్మా?" అడిగేది అత్తగారు. ఒళ్లంతా దద్దుర్లతో గోక్కుంటున్న పిల్లాణ్ని చంకనేసుకుని కోడలు లెక్క అప్పజెబుతుంది. వంకాయ కూర, గుడ్డు, పక్కింటివాళ్లిచ్చిన రొయ్యల వేపుడు... ఇంకేం, ఆ రోజు నుంచి అన్నీ పత్యం.

నన్నడిగితే ముందు అడగాల్సింది అది కాదు. "ఈమధ్య జలుబు, జ్వరం ఏమైనా వచ్చాయా?" అని. పిల్లల్లో ఉన్నట్టుండి వచ్చే దద్దుర్లకు ఎక్కువగా కారణం వైరస్‌లే. ఒంట్లో వైరస్‌తో పోరు సాగుతుండగా చర్మంలోని మాస్ట్ కణాలనే రక్షణ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. సన్నటి రక్తనాళాల నుంచి నీరు ఊరి చర్మం ఉబ్బుతుంది, దురద పుడుతుంది. తిండి పడకపోతే సాధారణంగా తిన్న నిమిషాల్లోనో, మహా అయితే రెండు గంటల్లోనో తెలిసిపోతుంది. నిన్న మధ్యాహ్నం తిన్న వంకాయ ఇవాళ తెల్లవారుజామున లేచి పగ తీర్చుకోదు.

మందులకూ ఇదే గతి. జ్వరానికి యాంటీబయాటిక్ వాడుతుండగా మూడో రోజు ఒళ్లు దద్దురెక్కితే "మావాడికి పెన్సిలిన్ పడదు" అని జీవితాంతం చెప్పుకుంటారు. దోషి ఆ జ్వరం తెచ్చిన వైరసే కావచ్చు. అలాగని ఇంట్లో వేసి చూడకండి, ఆ సంగతి డాక్టరే తేల్చాలి.

దద్దుర్లు ఒకచోట మాయమై ఇంకోచోట లేస్తాయి. ఒక్కో దద్దు సాధారణంగా 24 గంటల్లోపే మచ్చ లేకుండా పోతుంది. మన వంతు వచ్చేసరికి చూపించడానికి ఒక్కటీ మిగలదు కాబట్టి ఫోన్లో ఫొటో తీసి ఉంచుకోవాలి. ఒకే చోట రోజు దాటినా, నొప్పి పెట్టినా, కమిలిన మచ్చ మిగిలినా అది వేరే జబ్బు కావచ్చు.

వైద్యం నిజానికి చిన్నదే. నిద్రమత్తు తక్కువగా ఉండే సెట్రిజిన్, లోరటడిన్ లాంటి మందు, బిడ్డ వయసునూ బరువునూ బట్టి డాక్టరు చెప్పిన మోతాదులో. పైన చల్లటి తడిగుడ్డ, వదులైన నూలు బట్టలు. మనకు అది ఆనదు, ఇంజెక్షన్ పడాల్సిందే! స్టెరాయిడ్ పొడిపించుకుని "తెల్లారేసరికి తగ్గింది" అని మెచ్చుకుంటాం. ఎలాగూ తగ్గాల్సినవే అవి. దానికి తోడు పదుల కొద్దీ పదార్థాలకు ఒకేసారి చేసే అలర్జీ రక్తపరీక్ష. అందులో పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఆ తిండి పడదని కాదు. ఆ కాగితం పట్టుకుని ఎదిగే పిల్లకు పాలూ గుడ్డూ మాన్పించడం నాకు దద్దుర్ల కన్నా ప్రమాదంగా తోస్తుంది. ఆరు వారాలు దాటినా తగ్గకపోతే దాన్ని దీర్ఘకాలికం అంటారు. అప్పుడూ తిండి కారణమయ్యేది అరుదే.

భయపడాల్సిన ఘట్టం ఒకటుంది. దద్దుర్లతో పాటు నాలుక వాచినా, గొంతు బొంగురుపోయినా, ఆయాసం వచ్చినా, వాంతులు ఆగకపోయినా, బిడ్డ వడలిపోయినా సిరప్ కోసం వెతకొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. అప్పుడు ప్రాణం నిలిపేది తొడ కండరానికి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. ఏం తిన్నాడో, ఏ మందు వేశారో, ఏ పురుగు కుట్టిందో అత్తాకోడళ్లిద్దరూ గుర్తుచేసుకుని అంబులెన్స్‌లోనే చెప్పాలి.