ఈ బొమ్మ గీసింది ఎవరు?

పోయిన నెల విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల గుట్ట తిరగేస్తుంటే ఒక ఇంద్రజాల్ కామిక్స్ దొరికింది. అట్ట ఊడిపోయింది, పిన్నుల చుట్టూ తుప్పు మరక. ముసుగు వేసుకుని అడవిలో ఉండే హీరో ఫాంటమ్ కథ. ఎవరు గీశారో ఎక్కడా లేదు. పక్కనున్న మిత్రుడు చూసి ‘సై బారీయేరా, ఫాంటమ్ అంటే ఇంకెవరు’ అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. గీత ఎక్కడ చూసినా ఇంచుమించు ఒకే మందం, అడవి అంటే రెండు చెట్లు, మనుషులు బిగుసుకుపోయి నిలబడ్డారు, వాళ్ల వెనక అంతా ఖాళీ. బారీ కుంచె గీత సన్నగా మొదలై లావెక్కి మళ్లీ సన్నబడుతుంది, బట్టల ముడతల్లో కూడా నలుపు నింపుతాడు. నేను చూసినంతలో అది విల్సన్ మెకాయ్ పని.

ఫాంటమ్‌ని 1936లో లీ ఫాక్ మొదలుపెట్టాడు, మొదట బొమ్మలు వేసింది రే మూర్. యుద్ధకాలంలో పని మెకాయ్ చేతికొచ్చింది, ఆయన 1961లో పోయాక కొన్నాళ్లకు బారీ వచ్చి 1994 దాకా వేశాడు. మన దగ్గర 1964లో మొదలైన ఇంద్రజాల్ వీళ్ల కథల్ని కలగలిపి వేసింది, పేజీకి సరిపోయేలా ప్యానెళ్లు, అంటే బొమ్మల గడులు, కత్తిరించింది కూడా. ఆ కత్తిరింపులో సంతకం పోతే ఇక పాఠకుడికి ఆధారమేముంది?

పోనీ సంతకం ఉంటే చాలా అంటే, అదీ చాలదు. బారీ పేరుతో వచ్చిన స్ట్రిప్‌కి జార్జ్ ఓలెసెన్ ఏళ్ల తరబడి పెన్సిల్ పని (సిరా వేయకముందు గీసే బొమ్మ) చేశాడు. ఒక్క ప్యానెల్‌లో రెండు మూడు చేతులుంటాయి. అలాంటప్పుడు కామిక్స్ గురించి రాసేవాళ్లు ‘ఆర్టిస్ట్’ అని ఒక్క పేరు రాసి ఊరుకోవడం నాకు సరిగా అనిపించదు, తెలిసినన్ని పేర్లూ రాయాలి.

బ్రిటిష్ కామిక్స్‌లో పరిస్థితి ఇంకా దారుణం. శివకాశి ముత్తు కామిక్స్ 1972 నుంచి తమిళులకు ఇచ్చిన ‘ఇరుంబుక్కై మాయావి’ (ఇనుప చెయ్యి మాయావి) బ్రిటిష్ కామిక్ ‘ది స్టీల్ క్లా’కి అనువాదం, దాన్ని గీసింది హెసూస్ బ్లాస్కో అనే స్పెయిన్ చిత్రకారుడు. అసలు ఇంగ్లీషు వారపత్రికలో ఆయన పేరు వేయలేదు. పేరు బయటపడితే ఇంకో కంపెనీ ఎగరేసుకుపోతుందని, రేటు పెంచమంటాడని ఆ ప్రచురణకర్తల భయం. 1977లో మొదలైన ‘2000 ఏడీ’ అనే కామిక్స్ వారపత్రిక పేర్లు వేయడంతోనే అక్కడ ఆ అలవాటు మారడం మొదలైంది. అమెరికాలో డిస్నీ బాతుల కథలు గీసిన కార్ల్ బార్క్స్‌దీ అదే కథ. పాఠకులు గీతను బట్టి ‘మంచి బాతుల ఆర్టిస్ట్’ అని పిలుచుకున్నారు, ఆయన పేరు అభిమానులకు తెలిసేసరికి 1960 వచ్చింది.

మరి గుర్తుపట్టడం ఎలా? ముఖం చూసి మాత్రం కాదు. హీరో ముఖాన్ని ఎవరు గీసినా పాతదాన్ని చూసి దించాల్సిందే. చెవులు, వేళ్లు, మోచేతి దగ్గర చొక్కా ముడత, గడ్డి... ఇలాంటి చోట్ల చెయ్యి తన అలవాటులో తాను పోతుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఇటలీకి చెందిన కళావిమర్శకుడు మొరెల్లి పాత పెయింటింగుల్ని ఇలాగే చెవులూ గోళ్లూ చూసి తేల్చేవాడు. కానీ పోలిక ఒక్కటే సాక్ష్యం కాదు, శిష్యుడు గురువు చెవిని కూడా నేర్చుకుంటాడు కదా. ఊహ అయితే ‘ఫలానావారి పనిలా ఉంది’ అని రాయండి. మెకాయ్ గీసినదానికి బారీ పేరు తగిలిస్తే, ఒకసారి మాయమైన మనిషిని రెండోసారి మాయం చేసినట్టే.

మన చందమామలో ఇది తిరగబడింది. చిత్రా అనే చిత్రకారుడి బొమ్మల్ని పిల్లలు కూడా గుర్తుపట్టేవాళ్లు, ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’ లాంటి సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు మాత్రం వాటి మీద ఉండేది కాదు. ఆయన గుంటూరు జిల్లావాడు, 2010లో పోయారు. ఆ సీరియల్స్ కోసం నెలంతా ఎదురుచూసిన ఎంతోమందికి ఆయన ఎవరో పెద్దయ్యాకే తెలిసింది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

విజయవాడ ప్రెస్సుల్లో అచ్చయిన డిటెక్టివ్ పాకెట్ నవలల అట్టల మీద కూడా చాలావాటికి సంతకం లేదు. ఆ అట్టలు వేసినవాళ్లు, అచ్చుకి బ్లాకులు చేసినవాళ్లు కొందరు ఇంకా మన మధ్యే ఉన్నారు, వయసు మీద పడింది. మీ వీధిలో ఉంటే పుస్తకం పట్టుకెళ్లి చూపించండి, ఎవరు వేశారో అడగండి, చెప్పింది తేదీతో సహా రాసి పెట్టండి.