హాల్‌మార్క్ బంగారానికే, వజ్రానికి కాదు

పెళ్లిళ్ల రోజులు దగ్గరపడితే చాలు, "వజ్రం కొనేవారికి అయిదు సూత్రాలు" అనే సందేశం మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి మళ్లీ వచ్చేస్తుంది. ఈ వారంలోనే నాలుగుసార్లు వచ్చింది. దాన్ని నమ్మి మా చెల్లెలు మొన్న కురుపాం మార్కెట్‌కు బయలుదేరడం చూశాక ఊరుకోలేకపోయాను.

మొదటిది, అసలైన వజ్రం నీళ్లలో మునుగుతుందట. గాజూ మునుగుతుంది. రెండోది, ఊదితే దానిపై ఆవిరి నిలవదట. ఏసీ గదిలోంచి విశాఖ ఉక్కపోతలోకి తెస్తే ఏ రాయికైనా చెమ్మ పడుతుంది. సుత్తితో కొట్టినా పగలదన్నది మూడోది. గీత పడకపోవడం వేరు, పగలకపోవడం వేరు, దయచేసి ఎవరూ ప్రయత్నించవద్దు.

"హాల్‌మార్క్ ఉంటే రాయి గురించి బెంగ అక్కర్లేదు" అనే నాలుగో సూత్రమే కొంపలు ముంచేది. హాల్‌మార్క్‌లో ఉండే బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు, 18 క్యారెట్ల బంగారాన్ని సూచించే 750 అన్న అంకె, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ అనే నగ గుర్తింపు కోడ్, ఇవన్నీ బంగారం స్వచ్ఛతను చెప్పేవే తప్ప, అందులో పొదిగిన రాయి గురించి ఒక్క ముక్క కూడా చెప్పవు. ఆరేళ్ల క్రితం అమ్మకు రవ్వల దుద్దులు కొన్నప్పుడు నేనూ ఆ గుర్తు చూసే తృప్తిపడ్డాను. బిల్లులో "వజ్రాలు, 0.60 క్యారెట్లు" అని బరువు తప్ప రంగు, క్లారిటీ (లోపల మచ్చలు, బీటలు ఎంత తక్కువన్నది) ఏవీ రాయలేదు. మార్చుకోబోయినప్పుడు మరో దుకాణంలో పది రెట్ల భూతద్దం కింద చూపించారు: ఒక రాయిలో, సరిగ్గా బంగారు కొక్కెం కింద, నల్లటి మచ్చ, దాని పక్కనుంచి అంచు దాకా సన్నని బీట. అమ్మ ముఖం చూడలేకపోయాను.

కాబట్టి పెద్ద రాయికి జీఐఏ లేదా ఐజీఐ వంటి వజ్రాల పరీక్షా సంస్థ సర్టిఫికెట్ అడగండి. రాయి నడుముపై, అంటే చుట్టూ ఉండే అంచుపై, లేజర్‌తో చెక్కిన నంబరు ఉంటే, అది సర్టిఫికెట్‌లోని నంబరుతో కలుస్తుందో లేదో భూతద్దంతో చూడండి. చిన్న రవ్వలకు విడివిడిగా సర్టిఫికెట్లు రావు గనుక రంగు, క్లారిటీ, సహజమైనవా ల్యాబ్‌లో పెంచినవా అన్నది బిల్లులోనే రాయించుకోండి. దుకాణాల్లో వాడే మామూలు టెస్టర్ పెన్ను ల్యాబ్ వజ్రాన్ని వేరుచేయలేదు, వజ్రంలా కనిపించే మొయిసనైట్ అనే వేరే రాయిని సైతం వజ్రమనే చూపవచ్చు.

ఎక్కువ క్యారెట్లంటే ఎక్కువ మెరుపన్న అయిదోదీ తప్పే. క్యారెట్ రాయి బరువు మాత్రమే; మెరుపు సానను (కట్‌ను) బట్టి వస్తుంది.

అయితే షోరూం దీపాల కింద కాక పగటి వెలుతురులో చూడమన్న ఆ సందేశంలోని చివరి వాక్యం మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. మొన్న చెల్లెలి వెంట వెళ్లి ఆ పనే చేయించాను. లోపల ఒకేలా ధగధగలాడిన రెండు రాళ్లను గుమ్మం దగ్గర తెల్లకాగితం మడతలో పెట్టి చూస్తే, ఒకటి స్పష్టంగా పసుపుపచ్చగా కనబడింది.