సవరణ: పిలిస్తే తిరిగి చూసినంత మాత్రాన నటన కాదు

చెవుడు లేకపోయినా ఉన్నట్టు సర్టిఫికెట్ పుట్టించుకుని ఉద్యోగాల్లో చేరేవాళ్ల గురించి మొన్న రాశాను. అందులో రెండు తప్పులు దొర్లాయి.

బధిరుల కోటా 4 శాతం అన్నాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆ 4 శాతం అర్హులైన వికలాంగులందరికీ కలిపి. బధిరులకూ, వినికిడి తక్కువగా ఉన్నవాళ్లకూ కలిపి దక్కేది అందులో 1 శాతమే.

రెండోది నన్ను చాలా బాధపెడుతోంది. "వెనకనుంచి పిలిస్తే తిరిగాడంటే నాటకమే" అని రాశాను. ఆ వాక్యం తీసేశాను. చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ మాటల ఫ్రీక్వెన్సీల్లో 70 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతకు కొలత) వినికిడి లోపం ఉంటే బధిరత్వం; 60 నుంచి 70 అయితే వినికిడి తక్కువ. అంటే అసలేమీ వినబడకపోవడం కాదు. లారీ హారన్ వినబడే మనిషికి పక్కవాళ్ల మాట అర్థం కాకపోవచ్చు. మిషన్ పెట్టుకుంటే కొంత వినబడొచ్చు. పెదాలు చూసి జవాబిచ్చేవాళ్లున్నారు, బల్ల మీద చరిస్తే ఆ అదురుకే తిరిగేవాళ్లున్నారు. వీళ్లందర్నీ నా వాక్యం దొంగల్ని చేసింది. క్షమించండి.

నటన తేల్చడానికి బెరా పరీక్ష ఉంది. తలకు ఎలక్ట్రోడ్లు అంటించి, చెవిలోకి శబ్దం పంపి, వినికిడి నరం స్పందనను కొలుస్తారు. మనిషి బదులు చెప్పక్కర్లేదు. అది ఆడియాలజిస్టుల పని, ఆఫీసులో పక్క సీటువాళ్లది కాదు.

దొంగ సర్టిఫికెట్ల మీద నా మాట మారలేదు. అదే చట్టం 91వ సెక్షన్ కింద 2 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పాత పోస్టు పంచుకున్నవాళ్లు దయచేసి దీన్నీ పంచుకోండి.