గస్తీకి పెట్టినా అది మనిషిని పైకి లాగే పడవే

మా కొత్తపట్నం వైపు గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "బ్రిటన్‌లో సముద్రంలో ఆయిల్ రిగ్గుల దగ్గర ప్రాణాలు కాపాడే పడవను సరిహద్దు గస్తీకి మార్చేశారు, అదొక పాత డొక్కు, ఇకమీదట ఎవరు మునిగినా చూడదు, రేపు మనకీ అలాంటివే అంటగడతారు" అని. పడవను మార్చిన మాట నిజమే. మిగతాదంతా తప్పు.

ముందు ఆ "డొక్కు" సంగతి. 1988 జులై 6న బ్రిటన్ పక్కనున్న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే ఆయిల్ రిగ్గు తగలబడి 167 మంది చనిపోయారు, వాళ్ళలో ఇద్దరు నీళ్ళలో పడ్డవాళ్ళను ఎత్తడానికి చిన్న రెస్క్యూ బోటులో మంటల దగ్గరికి వెళ్ళినవాళ్ళు. రిగ్గుల దగ్గర రెస్క్యూ పడవ ఎంత గట్టిగా ఉండాలో అక్కడివాళ్ళకి ఆ రాత్రి తెలిసొచ్చింది. ఆ చలికీ ఆ అలలకీ తట్టుకునేలా కట్టిన పడవ ఒడ్డు వెంబడి తిరగడానికి పనికిరాదంటే ఎలా నమ్మాలి?

ఇక "మునిగినా చూడదు" అన్నది. ఇది చదివితే నాకు కోపమే వచ్చింది. ఆపదలో ఉన్నవాళ్ళని కాపాడాలని 1982 ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టంలోనే ఉంది, గస్తీ పడవని ఆ బాధ్యత వదలదు. ఫ్రాన్స్‌కీ బ్రిటన్‌కీ మధ్యనున్న ఇంగ్లిష్ ఛానల్లో చిన్న రబ్బరు పడవల్లో వలస వచ్చేవాళ్ళని ఎక్కించుకుని బ్రిటన్ ఒడ్డున డోవర్ రేవులో దింపుతున్న వాటిలో బ్రిటన్ సరిహద్దు దళం పడవలూ ఉన్నాయి. తడిసిన మనిషిని ఫైబర్ బోటులోకి లాగినవాళ్ళని అడగండి, ఒళ్ళు రాయిలా బరువెక్కుతుంది, జబ్బల కింద చేతులేసి, అల పైకి లేచినప్పుడే ఒక్క ఊపున లాగాలి, బోటు అంచు ఎత్తుగా ఉంటే ఇద్దరు కలిసినా చేతకాదు. ఆ పనికోసమే కట్టిన పడవ గస్తీలో ఉండటం మంచిదే కదా!

మనకి అంటగడతారన్నదీ వట్టిదే. 2005లో మొదలైన తీర భద్రతా పథకం కింద రాష్ట్రాల మెరైన్ పోలీసులకి ఇచ్చిన 204 బోట్లు ఎవరో వాడి వదిలేసినవి కావు, గోవా, కోల్‌కతా షిప్‌యార్డుల్లో కొత్తగా కట్టినవి. మన అసలు బాధ వేరే, రాత్రిపూట తమిళనాడులోని కడలూరు నుంచి సోనా బోట్లనే పెద్ద మర బోట్లు వచ్చి వలలు తెంపుకుపోతున్నాయి, ఆపడానికి గస్తీ ఇంకా కావాలి.

ఆ మెసేజ్ పంపే బదులు కోస్ట్ గార్డ్ నంబరు 1554 పంపండి. మా చిన్నాన్న దాన్ని బోటులో ఇంజను పక్కన తెల్ల పెయింటుతో రాయించుకున్నాడు.