రోల్ నంబర్ త్రీ ఆబ్సెంట్

మా అమ్మాయి మూడో తరగతి. "క్లాసులో ఫస్టొస్తే ఏం కొంటావ్ నాన్నా?" అని అడిగితే, ఎలాగూ రాదులే అన్న ధైర్యంతో "నీ ఇష్టం" అన్నాను. వచ్చింది. డిసెంబరు మొదటి ఆదివారం సాయంత్రానికల్లా మా హాల్లో టీవీ పక్కన రెండడుగుల గాజు తొట్టి వెలిసింది.

షాపతను మహా మర్యాదస్తుడు. మా పిల్ల ఏ చేపకి వేలు చూపిస్తే దాన్ని చటుక్కున కవర్లోకి ఎత్తాడు. నారింజ రంగు గోల్డ్‌ఫిష్‌లు రెండు, పక్కనుంచి చూస్తే గాలిపటంలా, ఎదురుగా చూస్తే గీతలా ఉండే ఏంజెల్స్ రెండు, నియాన్ టెట్రాలు ఎనిమిది. చివర్లో తనంతట తనే, బల్లికి కవచం తొడిగినట్టున్న సక్కర్ చేపనొకదాన్ని వేశాడు. "ఇది పాచంతా నాకేస్తుంది సార్, మీరు తొట్టి కడగక్కర్లేదు." కడగక్కర్లేదన్న మాట చెవిన పడగానే నూట యాభై రూపాయలు వాటంతటవే జేబులోంచి బయటికొచ్చాయి.

"ఇవన్నీ కలిసుంటాయా బాబూ?" అని మా ఆవిడ అడిగింది.

"ఒక ఫ్యామిలీలా ఉంటాయి మేడమ్."

అందులో అబద్ధమేమీ లేదని తర్వాత తెలిసింది.

పెద్ద గోల్డ్‌ఫిష్‌కి లడ్డూ అనీ, చిన్నదానికి జిలేబీ అనీ నామకరణం జరిగింది. టెట్రాలు ఎనిమిదీ ఒకే అచ్చు. ఒంటి మీద నీలం గీత, తోక వైపు ఎరుపు. పేర్లు పెట్టినా గుర్తుండవని వాటికి రోల్ నంబర్లు ఇచ్చింది మా అమ్మాయి. పొద్దున బడికెళ్ళే ముందు బూట్లు వేసుకుంటూ హాజరు తీసుకునేది.

ఆ వారం హైదరాబాద్‌లో చలి ముదిరింది. తొట్టిలో థర్మామీటరు 19 చూపించింది. లడ్డూ, జిలేబీ పెళ్ళింట్లో పిల్లల్లా ఆ చివర నుంచి ఈ చివరకి పరుగులు. టెట్రాలు మాత్రం మూలకి చేరి, దుప్పటి దొరకని చుట్టాల్లా ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. అప్పుడు ఫోన్లో వెతికితే తెలిసింది: గోల్డ్‌ఫిష్ చన్నీళ్ళ చేప, 18 నుంచి 22 డిగ్రీలుంటే హాయి. ఏంజెల్స్, టెట్రాలు వేడి దేశాలవి, వాటికి 25 దరిదాపుల్లో ఉండాలి. షాపుకి ఫోన్ చేస్తే "హీటర్ పెట్టండి సార్" అన్నాడు, అదేదో ఇప్పుడే స్ఫురించినట్టు.

హీటరు 26కి తిప్పాను. టెట్రాలకి ప్రాణం లేచొచ్చింది. లడ్డూ పైకి తేలి నోరు తెరిచి గుటకలు వేయడం మొదలెట్టింది. నీళ్ళు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గుతుందట. నేను రాజీమార్గం కనిపెట్టాను: రాత్రి హీటర్ ఆన్, పగలు ఆఫ్. రెండు పక్షాలకీ సమన్యాయం. రెండు పక్షాలూ సమానంగా నీరసించాయి. ఆఖరికి 23 దగ్గర ఖాయం చేశాను. ఎవరికీ నచ్చని అంకె అన్నమాట. మా ఇంట్లో ఏసీ కూడా అక్కడే ఆగింది.

గురువారం పొద్దున హాజరు మధ్యలో ఆగిపోయింది. "రోల్ నంబర్ త్రీ ఆబ్సెంట్."

అచ్చుగుద్దినట్టున్న వాటిలో పోయింది మూడోదేనని ఎలా తేలిందో అడిగే ధైర్యం నాకు లేదు. సోఫా కింద చూశాం, ఫిల్టరు విప్పి చూశాం. శుక్రవారం ఐదు, ఏడు కూడా రాలేదు. బాల్కనీ పిల్లిని అనుమానించాను. షాపతను ఎనిమిదని ఐదే వేశాడేమో అని కూడా అన్నాను. "నేను హాజరు తీశాను నాన్నా" అంది మా అమ్మాయి, లెక్కల టీచరు గొంతుతో. ఈలోగా లడ్డూ ఒళ్ళు చేసింది. ఇల్లు పడిందని మురిసిపోయాం.

శనివారం అర్ధరాత్రి మంచినీళ్ళ కోసం లేచిన మా ఆవిడ కేకేసింది. లైటు వేస్తే లడ్డూ నోటి చివర చిన్న ఎర్ర తోక. కిళ్ళీ వేసుకున్న పెద్దమనిషిలా దవడలు ఆడిస్తూ, నా కళ్ళలోకే చూస్తూ, తోకని లోపలికి లాక్కుంది.

మర్నాడు కైకలూరు నుంచి మా మామగారు దిగారు. నలభై ఏళ్ళుగా చేపల చెరువులు చేస్తున్న మనిషి. కాళ్ళు కడుక్కుని తొట్టి ముందు గొంతుక్కూర్చున్నారు.

"అల్లుడు గారూ, చేప వదిలే ముందు నీళ్ళు ఎన్నాళ్ళు తయారు చేశారు?"

"అరగంటండీ."

ఆయన ఏమీ అనలేదు. అల్లుణ్ణి కదా. మూత తీసి వాసన చూశారు. "మాకు ఎకరాల చెరువులోనే చేపల మలినాల నుంచి పుట్టే అమోనియా అంటే నిద్రుండదండి. ఈ గోల్డ్‌ఫిష్ మన బంగారు తీగ చేపకి చుట్టం. దీనికి పొట్ట సంచీ ఉండదు, రోజంతా తింటానే ఉంటది, తిన్నంతా నీళ్ళలోకే వదులుతది. పళ్ళు గొంతులో ఉంటాయండి. నోట్లో పట్టిందల్లా మేతే." అని, టెట్రా ధరెంతన్నారు. నలభై అన్నాను. "మేం తవుడు వేస్తామండి" అన్నారు మెల్లగా.

అంతలో సక్కర్ చేప గాజుకి అతుక్కుంది. మామగారు చప్పున లేచారు. "ఇదెక్కడిదండీ! కాలవ నీళ్ళతో చెరువుల్లోకి దిగి మా వలలు చింపేస్తంది ఈ దెయ్యం!"

"నూట యాభై అండీ."

"డబ్బిచ్చి కొన్నారా?" ఆ గొంతులో కోపం లేదు, కూతురి మీద జాలి ఉంది. "ముందే చెప్పుంటే బస్తాడు పంపేవాణ్ణి. ఏ చెరువులోనూ వదలమాకండి దీన్ని."

ఆయన దగ్గరుండి నీలం డ్రమ్ము సగానికి కోయించి, బాల్కనీలో ఎండ పడని మూల పెట్టించారు. మొదటి మూడు వారాలూ రోజు మార్చి రోజు కొంత నీరు మార్చాలనీ, కొళాయి నీళ్ళు ఒక రోజు నిలవ ఉంచాకే పోయాలనీ నాకు డ్యూటీ వేశారు. లడ్డూ, జిలేబీ అందులో కాపురం. హాల్లో 26 డిగ్రీలు, ఏంజెల్స్, మిగిలిన నలుగురు విద్యార్థులు, ఒక దెయ్యం.

మొన్న మామగారు ఫోన్ చేశారు. స్పీకర్ ఆన్‌లో ఉంది. "సంక్రాంతికి వస్తన్నాం అల్లుడు గారూ. లడ్డూ ఎంత తూగుతంది? వల వేసి పట్టుబడి ఎప్పుడు పెట్టుకుందాం?"

"పట్టుబడి అంటే ఏంటి నాన్నా?" అంది మా అమ్మాయి.

"పట్టుకుని ముద్దు పెట్టుకోవడం అమ్మా" అని స్పీకర్ ఆపేశాను.