మూడు మిల్లీమీటర్ల రోడ్డు

1:10,000 స్కేలులో, అంటే నేల మీది వంద మీటర్లను సెంటీమీటరుగా కుదించి అచ్చేసిన పట్టణ మాస్టర్‌ప్లాన్ ముసాయిదా మీద వంద అడుగుల రోడ్డంటే మూడు మిల్లీమీటర్ల గీత. పది గుంటల (పావు ఎకరం) చెక్క కూడా దాదాపు అంతే, మూడు మిల్లీమీటర్ల చదరం. ఆ గీత ఈ చదరం మీద పడితే రైతుకు గట్టు కూడా మిగలదు. మున్సిపాలిటీ గోడకు అంటించిన షీటు ముందు నిలబడినవారికి మాత్రం ఆ సంగతి తెలియదు. అక్కడ కనిపించేవి రంగులే. ఊదా రంగంటే పారిశ్రామిక జోన్ అని పక్కనున్నవారు చెప్పాలి.

2023 జనవరిలో కామారెడ్డి రైతులు రోడ్డెక్కింది తమ పొలాలను పారిశ్రామిక జోన్‌లో చూపినందుకే. అదే నెలలో మున్సిపల్ పాలకవర్గం ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. జగిత్యాలలోనూ ముసాయిదాను వెనక్కి తీసుకోక తప్పలేదు. అభ్యంతరాలకు గడువు ఇచ్చాం కదా అని అధికారులు అనవచ్చు. గీసేశాక అడిగితే గడువు ఎన్నాళ్లిస్తే ఏం లాభం?

కేంద్రం పట్టణాలకిచ్చే అమృత్ పథకం కింద జీఐఎస్ (కంప్యూటర్ పటాల) మాస్టర్‌ప్లాన్లు 1:4000 స్కేలులో తయారవుతున్నాయి. అంటే వివరం కంప్యూటర్‌లో ఉంది, గోడ మీదికే రావడం లేదు. వార్డుకో షీటు చొప్పున 1:1000 స్కేలులో, సర్వే నంబర్లతో అచ్చేస్తే ఎకరం పొలం ఆరు సెంటీమీటర్ల చదరమవుతుంది. ఎవరి చెక్క వారు వేలుపెట్టి చూపగలరు. ఇక్కడో చిక్కుంది. పాత గ్రామ నక్షాను (సర్వే పటాన్ని) ఉపగ్రహ చిత్రం మీద పరిస్తే హద్దులు కొన్ని మీటర్లు పక్కకు జరుగుతాయి. షీటును పెద్దది చేస్తే ఆ తప్పూ పెద్దదవుతుందే తప్ప పోదు. అందుకే నేల మీద గీయాలి. ప్రతిపాదిత రోడ్డుకు రెండు అంచులా ఇరవై మీటర్లకో వెదురు కర్ర పాతి, ఎర్ర గుడ్డ కట్టి, సున్నం పోయాలి. పది రోజులైనా ఉంచాలి, వాన పడితే మళ్లీ పోయాలి. తారు రోడ్డు మీద సున్నం ఒక్కపూట కూడా నిలవదు, అక్కడ పెయింటే. గీత ఎవరి బావిని, ఎవరి మెట్లను తాకుతోందో అప్పుడు చెప్పడానికి ప్లాన్ గీసే కన్సల్టెంట్ అక్కర్లేదు.

ఒడిశా ‘జాగా మిషన్’ ఇలాంటి పనే చేసింది. బస్తీవాసులకు భూమి హక్కు ఇచ్చే 2017 నాటి చట్టం ఆధారంగా, డ్రోన్‌తో బస్తీ చిత్రాలు తీసి, ఇంటింటి సర్వే చేసి, బస్తీవాసుల సంఘాలను కలుపుకొని హద్దులు తేల్చింది. తొలి ప్రయోగాలు జరిగిన జిల్లాల్లో తెలుగువారు కూడా చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉండే గంజాం ఒకటి. 2019లో దీనికి ప్రపంచ ఆవాస పురస్కారం దక్కింది. డ్రోన్‌ను అందరూ మెచ్చుకున్నారు. మా దృష్టిలో అసలు పని చేసింది ఇంటింటికీ తిరిగిన కాళ్లు.

మన దగ్గర ప్లాన్ మీద అభిప్రాయాలు వినే సభ పెట్టేది పనిరోజున పదకొండు గంటలకు, మున్సిపల్ హాల్లో. కూలీ పోగొట్టుకుని ఎవరొస్తారు? వచ్చేది వెంచర్లవాళ్లు, పార్టీలవాళ్లు. రాత్రి ఏడు తర్వాత బస్తీలోనే ఒకటి, పొదుపు సంఘాల మహిళలకు విడిగా ఇంకొకటి పెట్టాలి. మైకు మగవారి చేతిలో ఉన్నంతసేపు నల్లా, డ్రైనేజీ మాటే రాదు. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం ప్రకారం వార్డుకు నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో పదిహేను మంది. ఆ అరవై మందికి షీటు చేతికిచ్చి గల్లీలు తిప్పితే కమిటీలకూ ఓ పని దొరుకుతుంది. యాప్‌లో మాత్రమే అభిప్రాయాలు తీసుకుంటే స్మార్ట్‌ఫోన్ లేనివారు లెక్కలోకే రారు.

రోడ్డు ఎటు పోతుందో ముందే చెబితే రియల్టర్లు దూరిపోతారన్నది పాత భయం. వారికి ఎలాగూ ముందే తెలుస్తోంది. తెలియనిది పట్టాదారుకే.

ప్రతి అభ్యంతరానికీ నంబరుతో రసీదు ఇవ్వాలి. సర్వే నంబరు, తీసుకున్న నిర్ణయం, కారణం ఒకే పట్టికలో రాసి వార్డు కార్యాలయం గోడకు అంటించాలి. ‘పరిశీలించడమైనది’ అన్న ఒక్క ముక్కను జవాబుగా ఒప్పుకోకూడదు. ఆ పట్టిక గోడెక్కేదాకా కన్సల్టెంట్‌కు చివరి వాయిదా సొమ్ము ఆపాలి. ఈ షరతును టెండరు పత్రంలోనే రాయాలి.