ఆకాశం పాఠం ఆరుబయటే

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 జాబిలి దక్షిణ ధ్రువానికి చేరువలో దిగినప్పుడు దేశమంతా పండగ చేసుకుంది. ఆ తేదీని జాతీయ అంతరిక్ష దినోత్సవం చేశారు. బడుల్లో క్విజ్‌లు, వ్యాసరచన పోటీలు, అట్టముక్కల రాకెట్లు... అన్నీ మంచివే. కానీ ఆ రాకెట్లు చేసిన పిల్లల్నే ఎండాకాలం ఎందుకొస్తుందని అడగండి. భూమి సూర్యుడికి దగ్గరవుతుంది కాబట్టి అని చాలామంది చెబుతారు. నిజానికి భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదటివారంలో, మనం దుప్పట్లు ముసుగుతన్నే రోజుల్లో. జులై నాటికి దాదాపు 50 లక్షల కిలోమీటర్లు దూరం జరుగుతుంది. అక్షం 23.5 డిగ్రీలు ఒరిగి ఉండటమే రుతువులకు కారణమని పిల్లలు పరీక్షలో తప్పులేకుండా రాస్తారు. మనసులో మాత్రం పాత అభిప్రాయమే ఉండిపోతుంది.

దీనికి విరుగుడు ఖరీదైనది కాదు. ఆవరణలో నిటారుగా పాతిన మీటరు కర్ర, సుద్దముక్క, నోటుపుస్తకం చాలు. గంటగంటకూ నీడ కొస దగ్గర గుర్తు పెట్టమనండి. అన్నిటికంటే పొట్టి నీడ ఎప్పుడు పడిందో పిల్లలే పట్టుకుంటారు. మన ప్రాంతమంతా కర్కటరేఖకు దక్షిణాన ఉంది కనుక ఏడాదికి రెండు రోజులు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, కర్రకు నీడే ఉండదు. మొదటిది వేసవి సెలవుల్లో పోతుంది. రెండోది బడులు నడిచే రోజుల్లోనే వస్తుంది: ఆదిలాబాద్‌లో జులై ఆఖరివారం, హైదరాబాద్‌లో ఆగస్టు 3 ప్రాంతం, తిరుపతిలో ఆగస్టు నడుమ. హైదరాబాద్‌లో ఆ క్షణం 12.20 దాటాక వస్తుంది. మబ్బు అడ్డొచ్చే మాట నిజమే, అటూఇటూ రెండు రోజులు చూసినా నీడ ఎంత చిక్కిపోయిందో తెలుస్తుంది.

సెప్టెంబరు 23న ఇంకో పని చేయవచ్చు. ఆ మధ్యాహ్నం మీటరు కర్ర పొట్టి నీడ తిరుపతిలో సుమారు 24 సెంటీమీటర్లు, ఆదిలాబాద్‌లో 36. రెండు ఊళ్ల అయిదో తరగతి పిల్లలు ఫోన్లో ఈ కొలతలు చెప్పుకుంటే, ఒకే సూర్యుడు రెండు నీడలెందుకు వేశాడన్న ప్రశ్న వాళ్ల నోటే వస్తుంది. భూమి గుండ్రన అని చెప్పడానికి అంతకన్నా మంచి అదను ఏముంటుంది?

చంద్రుణ్ణీ ఇలాగే చూపించాలి. విదియ నెలవంక నుంచి పున్నమి దాకా రోజూ ఒకే వేళకు బొమ్మ గీయిస్తే, నాయనమ్మ చెప్పే తిథులకూ జాబిలి వెలుగుకూ ఉన్న లెక్క బోధపడుతుంది. బహుళ అష్టమి నాటి ఉదయం, ప్రార్థన వేళ పడమట తెల్లగా నిలిచిన చంద్రుణ్ణి ఒక్కసారి చూసిన పిల్లవాడు చంద్రుడు రాత్రే వస్తాడని ఇక అనడు. భూమి పాఠానికి ఊరి గుట్టే ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల బండరాళ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు.

ఒక్కరే అయిదు తరగతులూ చూసుకునే బడిలో ఇవన్నీ చేయించలేదని టీచరును నిందించలేం. సిలబస్ పూర్తిచేయాలన్న ఒత్తిడీ వారి మీదే ఉంది. కాబోయే టీచర్లకు డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) ఇచ్చే శిక్షణలోనూ, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లోనూ నీడ కర్రనూ చంద్రుడి బొమ్మల పుస్తకాన్నీ చేయించి చూపాలి. సూర్యుణ్ణి నేరుగా చూడకూడదన్న జాగ్రత్తా అక్కడే చెప్పాలి. రెండు రాష్ట్రాల విద్యాశాఖలు జులై మొదటివారానికల్లా ప్రతి ప్రాథమిక పాఠశాలకూ ఆ ఊరి నీడలేని రోజు తేదీ, వేళ పంపాలని, ఆ మధ్యాహ్నం అరగంటను పిల్లలకు వదిలిపెట్టాలని కోరుతున్నాం.